ఈసారి మూట మనదే

(పటాన్‌చెరు దగ్గర ఒక కార్మిక బస్తీలో అంబేద్కర్ సంఘం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు మమ్మల్ని ఒక్క సంగతి మీద మాట్లాడమన్నారు. మన బస్తీ ఆడపిల్ల, ఎమ్మెస్సీ చదివిన బిడ్డ, జర్మనీ దేశంలో బాన్ అనే పట్నంలో పదిహేను రోజుల శిక్షణకు ఎంపికైంది. నీళ్లలో కలిసే విషాలను ఎట్ల పరీక్ష చెయ్యాలో నేర్పే శిక్షణ. ఒక్కతే పోవాలె, ఒక్కతే రావాలె. తల్లిదండ్రులు ఎటూ తేల్చుకోలేక ఉన్నారు. పెద్దమనుషుల్లో కొందరు వద్దంటున్నారు. వాళ్ల ప్రశ్నలు మూడు. మేము వాటిని దాచిపెట్టకుండ అందరి ముందూ పెడుతున్నాం.

ఒకటి: "ఆడపిల్లను ఒక్కదాన్ని దేశం కాని దేశం ఎట్ల పంపుతరు?" రెండు: "పదిహేను దినాల ముచ్చటకు అన్ని పైసలు ఎందుకు?" మూడు: "పోయి ఏం తెస్తది?"

ఈ మూడూ తప్పుడు ప్రశ్నలు కావు. కూలి చేసి బతికేటోళ్లు అడగవలసిన ప్రశ్నలే. జవాబు చెప్పవలసిన బాధ్యత చదువుకున్న మా మీద ఉంది. మూడో ప్రశ్న నుంచే మొదలు పెడతాం.

ముందుగా ఒక మాట. ప్రయాణం మనకు కొత్త కాదు. నిజాం కాలంలో సర్కారు మనిషి ఊరికి వస్తే ఆయన సామాను నెత్తిన పెట్టుకొని పక్క ఊరిదాకా నడిచింది ఎవరు? వెట్టి మాదిగ. తాలూకా కచేరికి కాగితం మోసింది ఎవరు? అర్ధరాత్రి దొర చిట్టీ పట్టుకొని అడవిదారిలో ఒంటరిగా పోయింది ఎవరు? మన తాతలే. ఈ జిల్లాలో మనవాళ్లు నడవని బాట లేదు. కాని ఆ నడక యాత్ర కాలేదు. ఎందుకంటే నెత్తి మీది మూట మనది కాదు. పోయే పని మనది కాదు. వద్దనే హక్కు మనకు లేదు.

తెలుగులో తొలి యాత్రాగ్రంథం ఏదంటే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర అని మేము బడిలో చెబుతుంటాం. ఆయన 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, కాశీ చూసుకొని 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మంచి పుస్తకమే. నాటి దేశం ఎట్లుందో తెలుస్తది. కాని ఆయన పోయింది పల్లకిలో. వెంట పెద్ద పరివారం. పల్లకి మోసిన బోయీలు కూడా అదే దూరం పోయారు, ఆయన కంటే ఎక్కువ కష్టంతో పోయారు. వాళ్లు కూడా గోదావరి చూశారు, గంగ చూశారు. వాళ్లు ఏం చూశారో రాసిన పుస్తకం మాత్రం లేదు. కూచున్నోడు యాత్రికుడైండు. మోసినోడు కూలోడైండు.

ఇయ్యాల మన పారిశ్రామికవాడను చూడండి. బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం, బొంతపల్లి ఎక్కడికి పోయినా బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ పిల్లలు. ఇరవై ఏండ్ల పోరగాళ్లు. ఒక్క సంచి పట్టుకొని, జనరల్ పెట్టెలో నిలబడి, వెయ్యి మైళ్లు ఒంటరిగా వచ్చినోళ్లు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలిపోతే యాభై మందికి పైగా చనిపోయారు. అందులో అట్లా దూరం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కొందరికి ఇంటికి పంపడానికి దేహం కూడా మిగల్లేదు. వాళ్లను ఎవరన్నా యాత్రికులన్నారా? వలస కూలీలన్నారు. దూరం అదే, ఒంటరితనం అదే. పేరు మాత్రం మారింది.

కాబట్టి ఈ బిడ్డ ప్రయాణంలో కొత్తదనం విమానం కాదు. తన మూట తాను మోసుకొని, తన పని మీద తాను పోతున్నది. అదీ కొత్త.

మరి పోయి ఏం తెస్తది? బాబాసాహెబ్ ఏం తెచ్చాడో చూద్దాం.

అంబేద్కర్ తన అవమానాలను కొన్నింటిని రాసి పెట్టుకున్నాడు. ఆయన పోయిన చాలా ఏండ్లకు, 1990లో, అది చిన్న పుస్తకంగా అచ్చయింది. పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అంటే వీసా కోసం ఎదురుచూపు. చూడండి ఆ పేరు. పుట్టిన దేశంలో ఊరి బాట మీద నడవడానికి కూడా పరాయి దేశం పోయినోడి లెక్క అనుమతి కావాల్సి వచ్చింది.

ఆ పుస్తకంలో మొదటి సంగతి ప్రయాణమే. అప్పుడు ఆయనకు తొమ్మిదేండ్లు. తండ్రి కోరేగావ్‌లో కొలువు చేస్తుంటే అన్నతో, అక్క కొడుకులతో కలిసి సతారా నుంచి రైల్లో బయలుదేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు, నెత్తిన టోపీలు చూసి స్టేషన్ మాస్టరు ఆదరంగా పలకరించాడు. మేము మహర్లం అని పిల్లలు చెప్పగానే ఆయన మొఖం మారిపోయింది. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెండింతల కిరాయి తీసుకొని, బండి పిల్లలనే తోలుకొమ్మని తాను పక్కన నడిచాడు. రాత్రంతా పిల్లలకు తాగడానికి చుక్క నీళ్లు దొరకలేదు. పక్కన అన్నం గంప ఉంది, నీళ్లు లేక తినలేకపోయారు. ఇది బాబాసాహెబ్ మొదటి యాత్ర.

రెండో యాత్ర 1913లో. బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల విద్యావేతనం ఇస్తే ఇరవై రెండేండ్ల వయసులో అమెరికా పోయాడు. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. 1916లో లండన్ చేరాడు. గడువు తీరి 1917లో వెనక్కి రావలసి వచ్చింది. బరోడాలో కొలువులో చేరితే ఉండడానికి ఇల్లు ఇచ్చినోడు లేడు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని గుంపు వచ్చి వెళ్లగొట్టింది. అంత చదువు చదివినాయన తోటలో చెట్టు కింద కూచున్నాడు. విదేశాల్లో ఉన్న అయిదేండ్లు తాను అంటరానివాణ్ణన్న సంగతే తన మనసులోంచి తుడిచిపెట్టుకపోయిందని ఆయనే రాసుకున్నాడు. స్వదేశం దిగినాక మళ్లీ గుర్తు చేశారు.

ఇక్కడ అసలు సంగతి ఉంది. పరాయి దేశం ఆయనకు డిగ్రీలు ఇచ్చింది, అది నిజమే. అంతకంటే పెద్దది, కులం లేకుండ మనిషి మనిషితో కూచోవచ్చు, ఒకే బల్ల మీద తినవచ్చు అన్న అనుభవం ఇచ్చింది. కులం దేవుడు పెట్టింది అయితే సముద్రం దాటంగనే ఎట్ల మాయమైతది? ఒకసారి ఒంటి మీంచి దిగిన బరువును మళ్లీ ఎత్తుకోవాలంటే మనిషి ఊరుకుంటడా? ఊరుకోలేదు.

మళ్లీ పోయాడు. 1920 జూలైలో. ఈసారి మహారాజు విద్యావేతనం లేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన పైసలు కొన్ని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం కొంత, పార్సీ మిత్రుడు నవల్ భతేనా దగ్గర ఐదు వేల అప్పు. కర్రలు పట్టుకొని వచ్చిందీ పార్సీలే, అప్పు ఇచ్చి ఆదుకున్నదీ పార్సీయే. మనుషుల్ని గుంపుగా లెక్కగట్టొద్దని మనం నేర్చుకోవలసిన పాఠం ఇది. ఆయన దూరదేశంలో ఉంటే ఇక్కడ ఇల్లు ఈడ్చింది ఎవరు? తల్లి రమాబాయి. పేదరికం ఆమె నెత్తిన పడింది. ఆమె మోసిన బరువు లేకుంటే ఆ చదువు లేదు.

లండన్‌లో తెల్లారి గ్రంథాలయం తెరిచేసరికి పోయి, మూసేదాకా చదివేవాడని జీవితచరిత్రకారులు రాశారు. బస్సు పైసలు మిగిలించడానికి నడిచేవాడు. రాత్రి ఆకలికి కాల్చిన అప్పడాలు, కప్పు పాలు. 1921–22లో ఆయన ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్డు 10వ నంబరు ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని స్మారకం చేసింది. ఇయ్యాల మంత్రులు అక్కడ పూలదండలు వేస్తున్నారు. ఆనాడు ఆ గదిలో అప్పడం కాల్చుకున్న పిల్లవాడికి తోడు ఎవరూ లేరు.

ఇప్పుడు బాన్ పట్నం దగ్గరికి వద్దాం. మన బిడ్డ పోయేది ఏదో పేరు తెలియని చోటుకు కాదు. బాబాసాహెబ్ పోయిన చోటుకే పోతున్నది. లండన్ చదువు చాలదన్నట్టు 1922లో ఆయన బాన్ విశ్వవిద్యాలయంలో పేరు రాయించుకున్నాడు. జర్మన్ భాష నేర్చుకొని, దరఖాస్తు తానే ఆ భాషలో రాసుకున్నాడు. కాని లండన్‌లో సిద్ధాంత గ్రంథం పని ఉంది, చేతిలో పైసలు లేవు. బాన్‌లో ఉన్నది కొద్దికాలమే. తరగతులకు రావడం లేదని 1923 జనవరిలో పట్టీలోంచి ఆయన పేరు కొట్టేశారు.

మేము బడిపంతుళ్లం కదా, ఈ సంగతి చదివినప్పుడు మాకు మన హాజరు పట్టీలు గుర్తొచ్చాయి. పత్తి ఏరే కాలంలో రాని పిల్లలు, ఇటుకబట్టీకి పోయిన పిల్లలు, వాళ్ల పేర్లకు ఎదురుగా ఎర్రసిరాతో గీతలు. గీత పడ్డంత మాత్రాన పిల్లవాడి కథ అయిపోలేదని చెప్పడానికి మనకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలె?

ఆయన బాన్‌లో పేరు రాయించుకున్న ఆ ఏడాదిలోనే జర్మనీ నాణెం మార్కు విలువ నెలనెలకు పడిపోయింది. 1923 నవంబరు నాటికి ఒక డాలరుకు లక్షల కోట్ల మార్కులు. రూపాయి సమస్య మీద గ్రంథం రాస్తున్న విద్యార్థి, జీతగాడి కష్టార్జితం పాలకుల తప్పుడు లెక్కలతో ఎట్ల కాగితమైపోతుందో చూసే కాలం అది. ఆ గ్రంథం 1923లో అచ్చయింది. ఆ ఏడాదే ఆయన స్వదేశం వచ్చాడు.

వచ్చి ఏం చేశాడు? నాలుగేండ్లకు, 1927 మార్చి 20న, మహద్‌లో చవదార్ చెరువు దగ్గరికి వేలమందిని నడిపించి దోసిట్లో నీళ్లు తీసుకొని తాగాడు. తొమ్మిదేండ్ల వయసులో బండి మీద దాహంతో రాత్రంతా గడిపిన పిల్లవాడు, సముద్రాలు దాటి వచ్చి ఆ నీళ్లు తాగాడు. మూడో ప్రశ్నకు ఇదే మా జవాబు. పోయినోడు నీళ్లు తెచ్చాడు.

అప్పటికీ దాడి ఆగలేదు. 1934లో ఆయన మిత్రబృందంతో దౌలతాబాద్ కోట చూడబోతే అక్కడి చెరువు నీళ్లతో కాళ్లు మొఖం కడుక్కున్నారని గొడవ చేశారు. నీళ్లు ముట్టకుండ చూడమని సాయుధ సిపాయిని వెంట పంపారు. ఆ దౌలతాబాద్ అప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలోనిదే. గొడవ చేసినోళ్లు హిందువులు కూడా కాదు. కులం గాలి ఎవరికైనా సోకుతదని అక్కడ తేలింది.

ఇగ మన నీళ్ల సంగతి. మన బిడ్డ పోయే శిక్షణ నీళ్ల మీదనే కదా.

మనకంటే ముందే మన నీళ్లు యూరప్ పోయాయి, ఎరుకేనా? స్వీడన్ దేశంలో గోథెన్‌బర్గ్ అనే పాత ఓడరేవు పట్నం ఉంది. 1621లో కట్టుకున్న పట్నం. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లు పరీక్ష చేయించి 2007లో లెక్కలు అచ్చేశారు. సుమారు తొంభై మందుల కంపెనీల నుంచి వచ్చిన మురుగు అది. శుద్ధి అయిన తర్వాత కూడా లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉంది. రోజుకు సుమారు 45 కిలోలు. మన పిల్లలకు జ్వరమొస్తే వేసే ఐదు వందల మిల్లీగ్రాముల గోళీలతో లెక్కేసుకోండి. రోజుకు తొంభై వేల గోళీలు వాగులో కలిపినట్టు. ఆ నీళ్లలో పెరిగే క్రిములు మందుకు లొంగకుండ ముదురుతాయి. రేపు మన బిడ్డకు రోగమొస్తే అదే గోళీ పనిచేయదు.

ఈ నేల మీది జనం ఈ మాట అంతకు ముందు చెప్పలేదా? చెప్పారు. నక్కవాగు పొడుగునా పొలాలు పాడైపోయాయని, బావినీళ్లు రంగు మారాయని రైతులు, కూలోళ్లు మొత్తుకున్నారు. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడారు. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అయినా మన నోటితో చెప్పిన మాట ఫిర్యాదు అయింది. గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన మాట శాస్త్రం అయింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

ఆ పరిశోధకులను మేము తప్పుపట్టడం లేదు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. మేము అడిగేది ఒక్కటే. మన వాగు నీళ్లు సీసాలో పోవచ్చు గాని, మన వాగు పక్కన పుట్టిన బిడ్డ ఆ పరీక్ష నేర్చుకోవడానికి పోవద్దా? పరీక్ష చేసే చేతి వేళ్లు మనవే అయితే, రేపు అధికారి ముందు "నీళ్లు మంచిగనే ఉన్నయి" అనే కాగితం పెడితే ఆ కాగితం చదివి అబద్ధమని చెప్పే మనిషి మన బస్తీలోనే ఉంటది.

బాన్‌లో ఆమె ఇంకా ఏం చూడాలో కూడా చెబుతాం. బిడ్డా, నువ్వు ముందు వరుసలో కూచున్నావు, విను.

రైన్ నది ఒడ్డున రెండు వేల ఏండ్లనాటి పట్నం అది. సంగీతకారుడు బీథోవెన్ 1770లో అక్కడే పుట్టాడు. ఆ ఇల్లు చూపిస్తారు, చూడు. విశ్వవిద్యాలయం పెద్ద భవనం ముందు నిలబడి మాత్రం కొంచెం ఎక్కువసేపు చూడు. అది ఒకనాటి ప్రభువు కోట. 1818లో విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఆ కోటను చదువుకు ఇచ్చారు. మన ఊర్లల్లో దొరల గడీలు ఎన్ని బడులైనయో, ఎన్ని గబ్బిలాల పాలైనయో లెక్కేసుకో. 1835లో పదిహేడేండ్ల కార్ల్ మార్క్స్ ఆ విశ్వవిద్యాలయంలోనే ఒక ఏడాది చదివాడు.

రెండో ప్రపంచయుద్ధం అయినాక జర్మనీవాళ్లు తమ కొత్త రాజ్యాంగం రాసుకున్నది ఆ బాన్‌లోనే. 1949 మే 23న ప్రకటించారు. మనిషి గౌరవం ఉల్లంఘించరానిదన్నది దాని మొదటి అధికరణం సారం. అదే 1949లో, నవంబరు 26న, మన రాజ్యాంగ సభ మన రాజ్యాంగాన్ని ఆమోదించింది. అందులో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడు, ఒకప్పుడు బాన్ పట్టీలో పేరు కొట్టేయించుకున్న విద్యార్థే.

ఇంకొకటి. వీధుల్లో నడిచేటప్పుడు కాళ్ల కింద చూసుకుంట నడువు. ఇండ్ల ముందు బాటలో చిన్న ఇత్తడి పలకలు కనబడతాయి. హిట్లర్ కాలంలో ఆ ఇంట్లోంచి పట్టుకపోయి చంపిన యూదుల పేర్లు, ఇంకా ఎందరో బాధితుల పేర్లు వాటి మీద ఉంటాయి. పుట్టిన ఏడు, పట్టుకపోయిన ఏడు, చంపిన చోటు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని అది. యూరప్ పట్నాలకు పాకింది. బాన్‌లో యూదుల ప్రార్థనాలయాన్ని 1938 నవంబరులో తగలబెట్టారు. ఆ నేరం చేసిన సమాజం తన గడప ముందర ఆ పేర్లు చదువుకుంట నడవాల్సి వస్తున్నది. మన దగ్గర? కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. చుండూరు రక్తక్షేత్రం మనవాళ్లు తమ శవాలను తామే పూడ్చుకొని నిలబెట్టుకున్న గుర్తు. చంపినోళ్ల వీధిలో, చంపినోళ్ల గడప ముందు ఒక్క పలక లేదు. ఈ తేడా చూసి రా. వచ్చి మా బడి పిల్లలకు చెప్పు.

అట్లని యూరప్ స్వర్గమని మేము అనం. రంగు చూసి మొఖం తిప్పుకునేటోళ్లు అక్కడ కూడా ఉంటారు. మన దేశాన్ని దోచుకున్న దేశాలు అక్కడివే. ఇంకో హెచ్చరిక కూడా చేస్తాం. అక్కడ కులం అడిగేది తెల్లోడు కాదు. మన భాష మాట్లాడేటోడే "మీది ఏ ఊరు, ఇంటిపేరేంది" అని మెల్లగా దారి తీస్తడు. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చిందంటే, కులం విమానం ఎక్కిందనే కదా అర్థం. ఎవడన్నా అడిగితే తలదించకు. మాది పటాన్‌చెరు, మేము అంబేద్కర్ బిడ్డలం అని చెప్పు.

ఇక మొదటి ప్రశ్న. ఆడపిల్ల ఒక్కతే ఎట్ల పోతది?

అక్కలారా, రాత్రి పదిగంటలకు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి హైవే పక్క చీకట్ల నడుచుకుంట వచ్చేది మన ఆడబిడ్డలే. అప్పుడు "ఒక్కదాన్ని ఎట్ల పంపుతరు" అని ఏ పెద్దమనిషీ పంచాయితీ పెట్టలేదు. కూలికి ఒక్కతే పోతే తప్పు లేదు. చదువుకు ఒక్కతే పోతే తప్పా? ఈ తీర్పు ఎవరిది? ఆడదాన్ని గడప దాటనియ్యొద్దనేది మనువు మాట. మన తల్లులు ఏనాడు గడపలోపల ఉన్నరు? ఉంటే మనం బతికేటోళ్లమా?

మన జిల్లా సంగతే చెబుతాం. జహీరాబాద్ పక్క ఊర్లల్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు కాపాడారు. కెమెరా పట్టడం నేర్చుకొని బీటీ పత్తి మీద సినిమాలు తీశారు. ఆఫ్రికా, ఆసియా దేశాలు తిరిగి అక్కడి రైతుల గోస కూడా చిత్రించారు. 2008లో మాచనూర్‌లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. చీరకొంగు నడుముకు చుట్టుకొని, తమ తెలుగులోనే మాట్లాడుకుంట లోకం తిరిగివచ్చినోళ్లు వాళ్లు.

నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంట 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు ఆమెకు పద్నాలుగు నిండలేదు. వెంట ఎక్కిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత పిల్లవాడు. తర్వాత 2017లో పూర్ణ యూరప్‌లో అన్నిటికంటే ఎత్తైన ఎల్‌బ్రస్ శిఖరం కూడా ఎక్కింది. మంచుకొండ మీద నిలబడ్డ బిడ్డల జాతి మనది. రైలెక్కి బాన్ పోలేదా?

జాగ్రత్తలు వద్దనడం లేదు. యూరప్‌లో ఆపదొస్తే 112 నంబరుకు ఫోన్ చెయ్యాలె. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మన దేశ కాన్సులేట్ ఉంది, ఆ ఫోను నంబరు కాగితం మీద కూడా రాసుకోవాలె. ఫోను పోయినా కాగితం ఉంటది. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో, ఒకటి సంఘంలో పెట్టాలె. రోజుకోసారి ఇంటికి మాట్లాడాలె. ఇవి భయంతో చేసే పనులు కావు, తెలివితో చేసే పనులు. అన్నట్టు, బాన్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చు. పటాన్‌చెరు బిడ్డ పట్నం కుళాయి కింద సీసా పెట్టి తాగితే ఎట్లుంటదో పోయొచ్చి చెప్పాలె.

చివరిది రెండో ప్రశ్న. పైసలు.

బసా, తిండీ శిక్షణ పెట్టేవాళ్లదే. విమానం టికెట్టు పైసలు కూడా ఇస్తారు. కాని ముందు మనం పెట్టుకోవాలె, పోయినాక తిరిగి ఇస్తారు. నియమం రాసినోడికి ప్రతి ఇంట్లో డెబ్బై ఎనభై వేలు ఉంటాయనే నమ్మకం. మన ఇంట్లో ఉంటాయా?

వీసా సంగతి ఇంకా విచిత్రం. తక్కువ రోజుల వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, మన పైసల్లో సుమారు తొమ్మిది వేలు. వీసా రాకపోయినా ఆ రుసుము వాపసు రాదు. ముప్పై వేల యూరోలకు తగ్గని వైద్యబీమా ఉండాలె. బ్యాంకు ఖాతా కాగితాలు చూపాలె. మళ్లీ వెనక్కి వస్తారని నమ్మకం కలిగించే రుజువులు చూపాలె. భూమి పట్టానో, ఇంటి కాగితమో, పర్మినెంటు కొలువో. భూమి లేనోళ్లం, ఠేకాదారు కింద పనిచేసేటోళ్లం, మన బిడ్డ తిరిగివస్తదని రుజువు ఏం చూపాలె? బాబాసాహెబ్ పుస్తకానికి పెట్టిన పేరు ఇన్నేండ్లకు కూడా మన మీద సరిగ్గా అతుకుతున్నది.

అందుకే ఇది ఒక్క ఇంటి పని కాదు, సంఘం పని. శిక్షణ సంస్థ ఇచ్చిన ఆహ్వానపత్రం, విశ్వవిద్యాలయం ఇచ్చే ఉత్తరం, ఖర్చు ఎవరు భరిస్తున్నారో రాసిన కాగితం, ఇవే ఆమె పట్టా కాగితాలు. వాటిని సరిచూసి, దరఖాస్తు నింపడం మా ఉపాధ్యాయుల బాధ్యత.

సర్కారు ఇవ్వదా అని అడుగుతారు. పై చదువులకు పథకాలు ఉన్నాయి. కేంద్రం 1954 నుంచి విదేశీ విద్యావేతనం ఇస్తున్నది. దేశం మొత్తం మీద ఏడాదికి 125 మందికే. అందులో కూడా 2022లో నిబంధన మార్చి మన దేశ చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధించేవాళ్లకు లేదన్నారు. అంటే కులం మీద చదువుతానంటే పైసలు లేవు. మన రాష్ట్రంలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద ఇరవై లక్షల దాకా ఇస్తారు. మన పిల్లలు వీటికి దరఖాస్తు పెట్టాలె, రాకుంటే కొట్లాడాలె. కాని ఇవన్నీ డిగ్రీ చదివేవాళ్లకు. పదిహేను రోజుల శిక్షణకు పోయేటోళ్లకు ఏ ఖజానాలో పద్దు లేదు.

కాబట్టి మా ప్రతిపాదన వినండి. మన బస్తీలో నూట నలభై గడపలున్నాయి. గడపకు ఐదు వందలు అయితే డెబ్బై వేలు. ఇది దానం కాదు. దానం తీసుకొని తలవంచే పని మనకొద్దు. ఇది తిరిగొచ్చే పైసా. శిక్షణ సంస్థ టికెట్టు పైసలు ఇయ్యంగనే ఆ మొత్తం సంఘం ఖాతాలో పడాలె. ఎవరికీ పంచొద్దు. అట్లనే ఉంచాలె. వచ్చే ఏడాది ఇంకో బిడ్డకు ఢిల్లీలో ఇంటర్వ్యూ ఉండొచ్చు, ఇంకో పిల్లవానికి పాస్‌పోర్టు కావాల్సి ఉండొచ్చు, వాళ్లకు ఇదే మూలధనం. పద్దు గోడ మీద రాయాలె. సంతకాలు ఇద్దరివి ఉండాలె, అందులో ఒకటి ఆడమనిషిది. పండుగ నాడు డీజేకు ఎంత ఖర్చు పెట్టుకుంటున్నమో ఇక్కడ నిలబడ్డ పోరగాళ్లకు తెలుసు. ఒక్క ఏడు ఆ చప్పుడు తగ్గితే ఒక బిడ్డ సముద్రం దాటుతది.

బిడ్డా, నీకు కూడా షరతు ఉంది. వచ్చినాక నెల తిరగకముందే ఇదే చెట్టు కింద, ఇదే జనం ముందు, నువ్వు చూసింది చూసినట్టు చెప్పాలె. మన బోరు నీళ్లు, మన వాగు నీళ్లు పరీక్ష చేసే పద్ధతి బస్తీ పిల్లలు పదిమందికి నేర్పాలె. పల్లకి మోసినోళ్లు రాయలేదు, మూట మోసినోళ్లు రాయలేదు. నువ్వు రాయాలె.

తల్లిదండ్రులకు ఒక్క మాట. తమ్ముడూ, ఇరవై ఏండ్లు డ్రమ్ములు మోసి నీ భుజం అరిగింది. ఆ అరిగిన భుజమే ఈ బిడ్డను ఇక్కడిదాకా తెచ్చింది. మిగిలిన దూరం నూట నలభై గడపలు మోస్తాయి. భయపడకు.

తీర్మానం సంఘం కార్యదర్శి చదువుతాడు. ఒప్పుకున్నోళ్లు చేతులు ఎత్తండి. ఒప్పుకోనోళ్లు కూడా లేచి మాట్లాడండి, విందాం. మాట్లాడినంక చందా పుస్తకం మొదటి పేజీలో మా ఉపాధ్యాయుల పేర్లు రాసుకోండి.

జై భీమ్.